పూత లేచిన చోటు

చిన్నాన్నా,

ఆంబూరు చెప్పుల కంపెనీలో నువ్వు మాట్లాడిపెట్టిన ఉద్యోగం నాకు నామోషీ అని ఇంట్లో అనుకుంటున్నారట. "సదువుకునింది కదరా, తోలు వాసన దానికి యాడ పడుతాది?" అని నాయన నీతో అన్నాడని చెల్లి చెప్పింది. ఒక్కరైనా నన్ను అడగలేదు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ వేలూరు ల్యాబులో, విరిగిన ఎముకకు బిగించే స్క్రూల మీద పలచటి పాలిమర్ పూత వేస్తాం. ఒళ్లు ఆ లోహాన్ని పరాయిదని తోసెయ్యకుండా ఆ పూత కాపాడాలి. నిన్న మైక్రోస్కోపులో చూస్తే అది అంచుల్లో పొరలుగా లేచి ఉంది. మా సారు మంచివాడే. "నున్నగా ఉండే చోట ఫోటో తీసి రిపోర్టు ముగించమ్మా, సోమవారం నువ్వు ఆంబూరులో ఉద్యోగంలో చేరాల కదా" అన్నాడు. ఇది రాస్తూ మధ్యలో లేచి వెళ్లి మళ్లీ చూసి వచ్చాను. అలాగే ఉంది.

గుడియాత్తంలో వీధి పొడుగునా పడుగు నూలు చాచి గంజి పెట్టినప్పుడు, ఆరాక అది పొట్టులా రాలితే, "ఎవురు చూస్తారన్నా, మగ్గానికెక్కించు" అని నువ్వు గొణిగేవాడివి. నాయన ఒక్కసారీ ఎక్కించలేదు. కడిగించి, మనందరి చేతా మళ్లీ గంజి పెట్టించేవాడు.

ఈ స్క్రూ ఎవరి కాలిలోకి పోతుందో నాకు తెలియదు. పూత గీకేసి మళ్లీ వేస్తున్నాను. నెల పడుతుంది. కంపెనీవాళ్లు అన్నాళ్లు ఆగరని తెలుసు. సోమవారం నేను ఆంబూరు రావడం లేదు.