గుండుకు ఉడుకు నీళ్ళు

ఏప్రిల్ 27, ఆదివారం

బాల్ తిరగడం లేదు.

కరీంనగర్ మాల్‌లో బౌలింగ్ లేన్ మీద పొద్దంతా వేశాను. చివర్లో ఎడమకు తిరిగి అవతల నిలబెట్టిన పది పిన్నుల నడుమ దూరాల్సింది, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతోంది. లేన్ల మీద నూనె రాస్తారు. బాల్ పై పొర ఆ నూనెను పీల్చుకుంటుంది. నాలుగేళ్ళుగా పీలుస్తూనే ఉంది. తాగినవాడు తిన్నగా నడవలేడంటారు. ఇది తాగాకే తిన్నగా నడుస్తోంది.

జూన్ 8న హైదరాబాద్‌లో స్టేట్ ఛాంపియన్‌షిప్. ఆడవాళ్ళలో ఫస్ట్ వచ్చిన ఒక్కరికే నేషనల్స్. రెండుసార్లు సెకండ్ వచ్చాను. రెండుసార్లూ నన్ను ఓడించిన ధరణికి నాలుగు బాల్స్ ఉన్నాయి. నాకున్నది ఇదొక్కటే. నా వేళ్ళ కొలతకి బొక్కలు వేయించుకున్నది. ఇది చస్తే నా ఆట చచ్చినట్టే.

ఏప్రిల్ 29

ఇంత చిన్న పనికి అంత ఏడుపెందుకు? నేను బొగ్గు గనుల ఏరియా వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌ని. బాపు బొగ్గుబాయి పనికి అన్‌ఫిట్ అయితే డిపెండెంట్ కింద నాకొచ్చిన ఉద్యోగం. జిడ్డు పట్టిన ఏ సామానైనా మేం డీజిల్ ట్రేలో పడేస్తాం. కొత్త పెళ్ళికూతురిలా బయటికొస్తుంది. పక్క బెంచీ సదానందం అన్నని అడిగితే, గేర్‌బాక్సులే కడుగుతున్నం, నీ గుండు ఎంత చెల్లె, ముంచెయ్ అన్నాడు.

ముంచేశాను.

మే 4, ఆదివారం

ఛీ ఛీ. డీజిల్ కూడా తాగేసింది. ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ బంక. బస్సులో పక్కావిడ కొంగు ముక్కుకి పెట్టుకుంది. లేన్ మీద సబ్బుబిళ్ళలా జారింది. ఈ కంపుతో ఇంకోసారి రావద్దని మాల్ వాళ్ళు చెప్పేశారు. ప్రాక్టీస్ కూడా పోయింది.

సాయంత్రం

జైపాల్ సార్‌కి ఫోన్ చేశాను. డిప్లొమా రోజుల్లో హైదరాబాద్ బౌలింగ్ సెంటర్లో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. ఆట నేర్పింది ఆయనే. డీజిల్ అనగానే తిట్లు అందుకున్నాడు. నూనెను నూనెతోని కడుగుతరా జమునా, ఏం బుద్ధి పుట్టింది నీకు అన్నాడు. బొక్కలకు టేపు వెయ్యాలె. గిన్నెలు తోమే సబ్బు, ఉడుకు నీళ్ళు, గంతే. చెయ్యి పెడితే చురుక్కుమనాలె గని కాలొద్దు. మసిలే నీళ్ళు పోసినవో, పగుల్తది. నూనె కక్కినన్ని దినాలు కక్కించు అన్నాడు.

బాగుపడుతుందా సార్ అని అడిగాను. డీజిల్ తాగినదాన్ని నేనెన్నడు చూడలే బిడ్డా అన్నాడు.

మే 5

ఏడ్చాను.

మే 7

నీళ్ళు కాచిపెట్టమంటే అమ్మ కస్సుమంది. బాపు షిఫ్టు దిగి వచ్చే కాలంలో ఏళ్ళ తరబడి పెరట్లో బొగ్గుపొయ్యి మీద నీళ్ళు కాచింది. బాపు ఇంట్లో కూర్చున్నాక ఆ పొయ్యి జోలికి పోలేదు. మీ బాపు ఒంటి మసికి కాగబెట్టిన, ఇగ గుండుకు సుత కాగబెట్టాల్నా, నాకేం పనిలేదా అంది.

ఆమె మాటా న్యాయమే. గ్యాస్ మీద నేనే పెట్టాను. మసిలాయని చల్లనీళ్ళు కలిపితే మరీ చల్లబడ్డాయి. బాల్ మునిగేంత బకెట్‌కి ఎన్ని గిన్నెలని కాచను?

మే 11, ఆదివారం, మధ్యాహ్నం 2

చెయ్యి కడుక్కుందామని నల్లా తిప్పి, అమ్మో అని అరిచాను.

చురుక్కుమంది. కాలలేదు.

మిద్దె మీద నల్లటి ట్యాంకు, దాని నెత్తిన మే నెల రామగుండం ఎండ! పొద్దుగూకేదాకా ఈ నీళ్ళు ఎవరూ ముట్టరు. ఊరంతా ఈ ఎండకి శాపనార్థాలు పెడుతోంది. నేను దండం పెట్టి బకెట్ పట్టాను.

3 గంటలు

కక్కుతోంది!

నీళ్ళ మీద రంగురంగుల తెట్టు. బాల్ ఒంటినిండా సన్నటి బుడగలు. బాపు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు, దగ్గాడు. నా లోపల పట్టిన బొగ్గు దుమ్మునైతే ఎవ్వలు కడుగలేరు, దీన్నన్న మంచిగ కడుగు బిడ్డా అన్నాడు.

బాల్‌ని ఇంకోవైపు తిప్పాను.

మే 19

నేను డ్యూటీకి పోతే బాపే నీళ్ళు మారుస్తున్నాడు. టేపు వేయడం నాకంటే బాగా వచ్చింది. ఇంటికి రాగానే రిపోర్టు. ఇయ్యాల జర తక్కువనే కక్కింది అని, బాయిలో షిఫ్టు అప్పజెప్పే మైనింగ్ సర్దార్ లాగా.

మే 29

నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. తెట్టు లేదు, కంపు లేదు. వేలితో రుద్దితే కీచుమంది.

కానీ తిరుగుతుందా? కంపు పోయిందన్నా మాల్ వాళ్ళు రానివ్వడం లేదు, వేసి చూసుకోవడానికి ఇంకో చోటు లేదు. నేరుగా హైదరాబాద్‌లోనే తేలాలి.

జూన్ 7, రైల్లో

రామగుండం స్టేషన్లో పోలీసాయన సంచి విప్పించాడు. గీ బొక్కలెందుకమ్మా అన్నాడు. వేళ్ళు పెట్టి ఎత్తి చూపించాను. తనూ ఎత్తి చూశాడు. గింత బరువు మోసుడు ఆటెట్లయితది, డ్యూటీ లెక్కున్నది అన్నాడు.

సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

జూన్ 8

గెలిచాను.

గెలిచాను గెలిచాను గెలిచాను!

మొదటి బాల్ వదిలాను. పోతోంది, తిన్నగా పోతోంది, ఇంకా తిన్నగానే. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు తిరిగింది! పిన్నులన్నీ ఎగిరిపడ్డాయి. జనం నవ్వినా సరే, నేను మాత్రం గెంతాను.

ఫైనల్లో ధరణే. బాల్ మీద బాల్ మార్చింది. చివరి ఫ్రేమ్‌లో నాకు వరసగా మూడు స్ట్రైకులు, అంటే మూడు బాల్స్‌కీ పదేసి పిన్నులూ పడితేనే గెలుపు. పడ్డాయి. మూడూ పడ్డాయి!

ధరణి వచ్చి చెయ్యి కలిపింది. బాల్ కొత్తదా, ఏ మోడల్ అని అడిగింది. రామగుండం మోడల్ అన్నాను.

బాపుకి ఫోన్ చేశాను. గెలిచినవా అని అడగలేదు. తిరిగిందా అని అడిగాడు. తిరిగింది బాపూ అన్నాను. నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.

జూన్ 15, ఆదివారం

వాన పడింది. నల్లా నీళ్ళు చల్లబడ్డాయి. ఊరంతా సంబరం, నా ఒక్కదానికే దిగులు. బాల్ హైదరాబాద్ నూనె తాగి వచ్చింది.

పెరట్లో పొగ లేస్తోందని వెళ్ళి చూశాను. అమ్మ బొగ్గుపొయ్యి ముట్టించింది. నీళ్ళలో వేలు పెట్టి చూసి, డ్యూటీ దిగొచ్చిన గుండును గిన్ని దినాలు గట్లనే ఉంచుతరా, తీస్కరాపో అంది.