కుడి చేతి పీతలు, ఎడమ చేతి పీతలు

జూన్ 4

ఇందుమూలముగా ఈ పేజీకి మాత్రమే తెలియజేయునది ఏమనగా — కాలేజీ స్టాఫ్ రూములో బిస్కెట్లు మాయం చేస్తున్నది ఎలుక కాదు. అటెండరు మస్తానయ్య. అనగా నేను. ఎలుక నిర్దోషి. బోను తీసేయవచ్చు.

జూన్ 7, ఆదివారం

జువాలజీ మేడంతో చిట్టమూరు అవతల ఉప్పుటేటికి. బురదలో బొటనవేలంత పీతలు — కొన్నింటికి కుడి చెయ్యి పెద్దది, కొన్నింటికి ఎడమది. ఎందుకలా? ఆరేళ్లుగా మేడం పరిశోధన అదే. కుడిదానికి కుడి జేబులో చింతగింజ, ఎడమదానికి ఎడమ జేబులో. పది తప్పినవాడి లెక్క ఇది. మేడం దాన్నే పుస్తకంలోకి ఎక్కిస్తారు.

జూన్ 10

కరస్పాండెంటు ల్యాబుకు వచ్చాడు.

"ఈ ఎండ్రకాయల్ని లెక్కబెడితే పిల్లోళ్లకు ఏం ఉద్యోగం వస్తాదమ్మా?"

"రాదు సార్. ఒక సంగతి తెలుస్తుంది."

"తెలిస్తే?"

"తెలుస్తుంది సార్. అంతే."

జువాలజీ ఎత్తేసి, ల్యాబులో కంప్యూటర్లు పెడతారట. సోమవారం కమిటీ.

జూన్ 12

నా నోరు ఊరుకుంటుందా. కరస్పాండెంటుకు మోకాళ్ల నొప్పులు. టీ ఇస్తూ చెవిలో వేశాను — "మేడం బయటికి చెప్పడంలా గానీ సార్, ఆ ఎండ్రకాయల్లో మోకాళ్లకు మందుంది. జలుబుకు ఎండ్రకాయ రసం తాగమా? అట్నే."

"పేటెంటు మన కాలేజీకే రావాల. ఎవురికీ చెప్పబాకరా!"

ల్యాబు బతికినట్టే.

జూన్ 15

కమిటీలో మందు సంగతి ఆయనే గొప్పగా చాటాడు. మేడం లేచి — "అలాంటి మందేమీ లేదు సార్. నేనెప్పుడూ అనలేదు."

ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది... ఆడలేదు.

"మాతోనే ఆటలాడతావామ్మా?"

అందరి ముందు. నేను తలుపు దగ్గర, చేతిలో నీళ్ల గ్లాసులు. ఏనాడూ మూతపడని నోరు అప్పుడే మూతపడింది.

జూన్ 16

జువాలజీ లేదు. మేడం ఉద్యోగం లేదు.

జూన్ 18

కంప్యూటర్లు దిగాయి. ఏ చెయ్యి ఎందుకు పెద్దదో ఇక ఎవరూ చూడరు. చూడకపోతే ఎవరికీ నష్టం లేదంటున్నారు.

నాకుంది.

జూన్ 19

గూడూరు స్టేషన్ దాకా మేడం పెట్టెలు మోశాను. ప్లాట్‌ఫాం మీద చెప్పేశాను — మందు మాట నాదేనని. మేడం నవ్వి, "పోనీలే మస్తానన్నా" అన్నారు.

జూన్ 21, ఆదివారం

ఉప్పుటేటికి వెళ్లలేదు.

జూన్ 22

పంతొమ్మిదిన రాసింది అబద్ధం. నేను చెప్పలేదు. ఆమె నవ్వలేదు. రైలు కదులుతుంటే కిటికీలోంచి ఆమే అడిగారు — "ఆ మాట ఎవరు పుట్టించారో నీకేమైనా తెలుసా మస్తానన్నా?"

"తెలీదు మేడం" అన్నాను.