పటం తీసిన చోట

ప్రియమైన చిట్టికి,

మీ మ్యూజియం వ్యాను నిన్న వచ్చింది. అమ్మ తన బొమ్మ తానే గీసుకున్న పటం అప్పగించాను. కొత్త భవనం తెరిచిన రోజు ఊరు ముందుగా దాన్నే చూడాలన్నావు. న్యాయమే. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళ కిందట రెండు గదులు అడిగి తీసుకుని, మ్యూజియం కోసం ఇల్లిల్లూ తిరిగి పటాలు పోగుచేసింది ఆమే. పటం తీసిన చోట గోడ బోసిగా ఉండకూడదని, అదే కొలతకు బ్రౌన్ పేపరు కత్తిరించి అతికించి వచ్చేది. "బొమ్మ ఊరిది, కాగితం మీది" అనేది ఆ ఇంటివాళ్ళతో. నేనూ ఒకటి అతికించాను.

మీ నాన్న

నాన్నకు,

పటం క్షేమంగా చేరింది. మందులు వేసుకుంటున్నావా? ఒక విషయం. పటంలో అమ్మ ముఖం పాలిపోతోంది. ఎండ తగల్లేదు, తేమ లేదు. పాత పటాలు బాగుచేసే మా మేస్త్రి, "నన్ను చూసి మొహం చాటేస్తోందమ్మా మీ అమ్మగారు" అని నవ్వాడు. రెండోరోజు నవ్వలేదు. అక్కడ అంతా బాగానే ఉందా?

చిట్టి

చిట్టీ,

ఇక్కడ నేను అతికించిన కాగితం మీద మరక పడింది. చెమ్మ అనుకున్నాను. సోమవారానికి చెవి, మెడ తేలాయి. బుధవారానికి కళ్ళు. భయపడకు. ఆమె పోయిన ఆరేళ్ళకి, ఇవాళ రెండు గ్లాసుల్లో టీ పోశాను.

నాన్న

నాన్నా,

పటంలో ఇప్పుడు కుర్చీ ఒక్కటే మిగిలింది. వచ్చే శుక్రవారం తెరుస్తున్నాం. అమ్మ పెట్టిన మ్యూజియంలో అమ్మ లేకపోతే ఎలా? ఆ కాగితం పంపు. నీకెంత కష్టమో తెలిసే అడుగుతున్నాను.

నీ చిట్టి

చిట్టీ,

కాగితం నాది. ఆమె మాటే. పంపనని రాసి, ఆ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

నిన్నటికి ఆమె ముఖం గుమ్మంవైపు తిరిగింది. ఆ చూపు నాకు కొత్తకాదు. ఫ్యాక్టరీ తాళాలు చేత్తో పట్టుకుని, "నేనెళ్ళొస్తా, మీరు తినేయండి" అనేటప్పటి చూపు. అప్పుడు ఒక్కరోజూ ఆపలేదు. ఇప్పుడేం ఆపుతాను.

కాగితం ఊడదీసి, చుట్టి, దీంతోపాటు పంపుతున్నాను. ఆ చోట ఇంకోటి అతికించాను. ఖాళీగానే ఉంది.

గుమ్మం పక్కన ఆరేళ్ళుగా నేను కదపని ఆమె చెప్పులు ఈ పొద్దున లేవు.

చేరగానే ఒక ముక్క రాయి.

నాన్న