దూడ వాటా రెండు లీటర్లు

అక్కా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నా కోపం చదువు.

ఈ రోజు పొద్దున ఆవుల షెడ్డులో అందరి ముందూ మా మేనేజరు కళ్ళజోడు సార్ బాబాయిని నిలదీశాడు. బాబాయంటే నాకు పాలు పితకడం నేర్పిన పెద్దాయన. క్యాన్లలో ఏదో కలిపాడట.

మా పని నీకు తెలుసు. ఈనడానికి రెండు నెలల ముందు, పసిపిల్లలకి విరేచనాలు తెచ్చే క్రిముల్ని చంపి ఆవుకి టీకాగా వేస్తారు. ఆవు ఒళ్ళు వాటితో పోరాడే యాంటీబాడీల్ని తయారు చేస్తుంది. అవి ముర్రుపాలలోకి దిగుతాయి. ఆ పాలు ఎండబెట్టిన పొడే మీ వార్డులో పిల్లలకి నువ్వు కలిపి పట్టేది.

ఇదంతా నాకెవరూ పాఠం చెప్పలేదు. ఎనిమిదితో బడి మానేసినదాన్ని. టీకా పెట్టెల్లో వచ్చే కాగితాలు ఏరుకుని చదివాను. అందులోనే ఇంకో ముక్క కూడా ఉంది: దూడకి పుట్టుకతో ఏ రక్షణా ఉండదు, మొదటి పూట తాగే ముర్రుపాలే దానికి రక్షణ. ఇక్కడేమో మొదటి చుక్కతో సహా అంతా ల్యాబుకే. దూడకి నీళ్ళలో కలిపిన మామూలు పాలపొడి. ఇదేం న్యాయమని సార్‌ని అడిగితే, నీ పని పితకడం, పితుకు అన్నాడు.

చలికాలంలో నల్లమచ్చ ఆవు దూడ మూడో రోజు నా ఒళ్ళో తలపెట్టి చచ్చిపోయింది. పది అడుగుల దూరంలో తల్లి నిండు పొదుగుతో నిలబడి ఉంది. ఈ సంగతి నీకప్పుడు రాయలేకపోయాను.

ఆ తర్వాత ఈనిన ప్రతి ఆవు పాలలోంచీ రెండు లీటర్లు దొంగతనంగా దూడకి పట్టాను. కొలత తగ్గకుండా టీకా వెయ్యని ఆవుల పాలు క్యాన్లో పోశాను. ఇప్పుడు ల్యాబు పరీక్షలో పాల బలం తగ్గిందని తేలింది. క్యాన్ల చీటీల మీద బాబాయి సంతకం ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా పితుకుతున్న మనిషి తలొంచుకుని నాకు తెలీదు సార్ అన్నాడు. నేను పక్కనే బకెట్టు తోముతూ నిలబడ్డాను. గయ్యాళినని పేరున్నదాన్ని, తోమిన బకెట్టే మళ్ళీ తోమాను.

నేను చేసింది తప్పని మాత్రం ఒప్పుకోను. ఈ పని మానేసి నీ దగ్గరికి వచ్చేస్తాను. ఆదివారానికి గది సర్దిపెట్టు.

నీ గయ్యాళి చెల్లి

చెల్లీ,

గది సర్దడానికేముంది, నీ చాప మూలనే ఉంటుంది. వచ్చేముందు ఇది చదువు.

పోయిన వారం కొత్త డబ్బా తెరిచాం. అంతకుముందు డబ్బా తాగిన పిల్లలు రెండ్రోజుల్లో లేచి కూర్చున్నారు. ఈ డబ్బా తాగిన ఐదుగురికీ విరేచనాలు కట్టలేదు. ఒక పాపకి సెలైన్ పెట్టడానికి నరం దొరక్క ముగ్గురం తంటాలు పడ్డాం. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, పొడి సరిగ్గానే కలిపావా అమ్మా అని అడిగింది. కొలత తప్పానేమోనని నా చేతుల్నే నేను అనుమానించాను. నిన్నటికి అందరూ తేరుకున్నారు.

దూడకి పట్టావు, నేనైనా పట్టేదాన్ని. కానీ వేరే పాలు పోసి క్యాను నిండుగా చూపించావే, అది మాత్రం చేసేదాన్ని కాదు. తక్కువ ఇచ్చి ఉంటే పొడి తక్కువయ్యేది, అంతే. ఏ క్యానులో ఎంత కలిసిందో నీకు తప్ప ఎవరికీ తెలీదు. ఆ ముక్క చెప్పేసి, అప్పుడు రా.

అక్క

అక్కా,

రావడం లేదు.

నీ ఉత్తరం చదివి ముందు నీమీదే మండిపడ్డాను. బకెట్టు తన్నితే సొట్టపడింది. తర్వాత నా నోటుపుస్తకం తీసుకెళ్ళి, టీకాలు వేసే డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఏ రోజు, ఏ ఆవు, ఏ క్యాను, దూడ ఎంత తాగింది, అన్నీ అందులో ఉన్నాయి. కాగితాలు ఏరుకుని నేర్చుకున్నదాన్ని, రాసుకోకుండా ఉండలేను. సార్ పోలీసులన్నాడు. డాక్టరమ్మ ఆరు క్యాన్లు గుర్తుపెట్టి, వాటి డబ్బాలన్నీ వెనక్కి తెప్పించమంది. తర్వాత దూడల పేజీ దగ్గర ఆగింది. నేను పాలు పట్టిన ఆరూ బతికాయి. అంతకుముందు పదింటిలో నాలుగు పోయాయి.

"ఇవన్నీ ఎవరు రాయమన్నారు నిన్ను?" అంది.

ఎవరూ అనలేదన్నాను.

పితికే పని తీసేసి పేడ ఎత్తే పనిలో వేశారు. బాబాయికి క్షమాపణ చెప్పమని సార్‌తో అందరి ముందూ అన్నాను. దానికి వేరే చీవాట్లు. బాబాయి మాత్రం నాతో మాట మానేశాడు. నేను నోరు విప్పేదాకా ఆ నాలుగు రోజులూ ఆయన దొంగగా తిరిగాడు. దూడ కోసమని నాకు నేను ఎంత చెప్పుకున్నా, ఆ నాలుగు రోజులు దూడ కోసం కాదు.

నిన్న కొమ్ముల ఆవు ఈనింది. పేడ గంపతో పోతుంటే బాబాయి పిలిచాడు. పాలసీసా చేతిలో పెట్టాడు. పచ్చగా, చిక్కగా, ఇంకా వెచ్చగా ఉన్నాయి పాలు. ఇకనుంచి మొదటి రెండు లీటర్లు దూడకేనట, క్యాను ఎంత తగ్గితే అంతేనట. డాక్టరమ్మ మాట.

"పట్టు. పట్టాక చీటీ రాయి," అన్నాడు. "ఈసారి సంతకం నీదే."

దూడ తిక్కది, అర లీటరు నా ఒంటిమీదే ఒలకబోసింది. చీటీ మీద రెండు లీటర్లని రాయలేదు. తాగింది లీటరున్నర, ఒలికింది అర అని రాసి, కింద సంతకం పెట్టాను.

నీ చెల్లి