ముందు ఎవరు వద్దంటారు

సోమవారం

నా పిచ్చుకకు అమ్మమ్మ ముద్దులు, ఆ తరవాత చీవాట్లు.

ఫోనులో చెబితే "సరే అమ్మమ్మా" అని, అటు తిరిగి నీకు తోచిందే చేస్తావు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. రెండుసార్లు చదువు.

సముద్రం ఒడ్డున సెలవులకని అద్దెకు తీసుకున్న ఇంటిని మనం రద్దు చెయ్యడం లేదు. అలాగని వెళ్లడమూ లేదు. బస్సు చార్జీల పెంపు మీద ఆ ఊళ్లో మొదలైన గొడవ బస్సులు తగలబెట్టేదాకా వచ్చింది. మీ అమ్మనీ, పిన్ని పిల్లల్నీ వెంటేసుకుని అందులోకి దిగడానికి నాకేం మతి పోలేదు. కానీ బుకింగు నిబంధనలు నువ్వు చదవలేదు, నేను చదివాను. మనం వద్దంటే పైసా తిరిగి రాదు. ఇంటాయన వద్దంటే మొత్తం వస్తుంది. గురువారం మధ్యాహ్నం తాళాలిచ్చే మనిషి అక్కడ లేకపోయినా మొత్తం వస్తుంది. రాళ్లు రువ్వుకుంటుంటే మధ్యలో తాళాలు పట్టుకుని ఎవరొస్తారు? కాబట్టి మనం నోరు మెదపకుండా కూర్చోవాలి. ముందు ఎవరు వద్దంటే వాళ్లు ఓడినట్టు.

"పోనీలే, వదిలేద్దాం" అన్నావు పొద్దున. ఆ ఇంటికి కట్టినదాంట్లో సగం నీ జీతంలోంచి పెట్టిన డబ్బు. గొడవ మీ ఊరికీ పాకి, నువ్వు పనిచేసే దుకాణం మూతపడింది. వచ్చే నెల గది అద్దె దేంతో కడతావు? మీ అమ్మను అడగలేవు. నా పింఛనులోంచి ఇస్తానంటే మూతి తిప్పుతావు. అందుకే నీ సగం నీకు తెచ్చిపెట్టే పూచీ నాది. ఆడిట్ ఆఫీసులో ఉద్యోగమంతా పరాయివాళ్ల లెక్కలు సరిచేస్తూ గడిపాను. సొంత మనవరాలి డబ్బు వదులుకుంటానా?

రద్దు మీట జోలికి వెళ్లావో, జాగ్రత్త.

— అమ్మమ్మ


బుధవారం

పిచ్చుకా,

నీ జవాబు చేరింది. "ఇది మనకు తగునా అమ్మమ్మా" అని ఒకటే ముక్క రాశావు. నిబంధన వాళ్లు రాసిందే. నేను దానికి కట్టుబడి ఉన్నాను, అంతే.

ఇంటాయన ఫోన్ చేశాడు. మనిషి మర్యాదస్తుడే. ఆ మర్యాద వెనక ఆయన మనసులో ఏముందో పట్టుకోవడం నా వల్ల కాలేదు.

"నమస్కారమండీ. రేపటి ప్రయాణం ఏమనుకుంటున్నారు?"

"అనుకోవడానికేముంది? వస్తున్నాం."

"రోడ్లు బాగోలేవంటున్నారు మరి..."

"అయితే ఇల్లు ఇవ్వలేమంటారా?"

"అబ్బెబ్బే, నేనలా అన్లేదు! ఇల్లు సిద్ధంగా ఉంది. దుప్పట్లు కూడా మార్పించాను. మీరేమైనా మానుకుంటారేమోనని..."

"మేం మానుకుంటామని ఎవరన్నారు?"

ఎవరు ముందు దగ్గినా ఓడిపోతారన్నట్టుంది. చివరికి ఆయనే, "పిల్లలు కూడా వస్తున్నారాండీ?" అన్నాడు.

"పిల్లలతో సహా అందరం వస్తున్నాం. మధ్యాహ్నానికల్లా గుమ్మంలో ఉంటాం" అన్నాను.

"సరేనండీ, తాళాలావిడను పంపిస్తాను" అని పెట్టేశాడు. ఆ గొంతులో పట్టు సడలడం నాకు తెలిసింది. రేపు పొద్దున ఆయనే వద్దంటాడు చూడు. టీవీలో ఆ ఊరి వంతెన మీద పొగ చూపిస్తున్నారు. చూడలేక కట్టేశాను. ధైర్యంగా ఉండు.

— అమ్మమ్మ


గురువారం సాయంత్రం

పిచ్చుకా,

ఇంటిని నేనే రద్దు చేశాను. డబ్బు పోయింది. ఎలా జరిగిందో రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

పొద్దున ఇంటాయన నుంచి ఫోన్ వస్తుందని చేతిలో పట్టుకునే కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఆయన కాదు, ఎవరో ఆడమనిషి. రొప్పుతోంది.

"అమ్మగారూ, తాళాలు నా దగ్గరున్నాయండీ. మీరు ఎందాకా వచ్చారు?"

వెనక కేకలు వినిపిస్తున్నాయి. "నువ్వెక్కడున్నావమ్మా?" అన్నాను.

"వంతెన ఇవతలండీ. బస్సుల్లేవు, నడిచొస్తున్నాను. పోలీసులు అడ్డంగా నిలబడ్డారు. ఫర్లేదు, సందులోంచి పోతాను. మీరు మాత్రం వంతెన మీదికి రాకండి, పిల్లలు జడుసుకుంటారు. చుట్టుదారి చెప్తా, రాసుకోండి."

ఆవిడ చెబుతుంటే నేను నిజంగానే రాసుకున్నాను పిచ్చుకా. పెట్రోలు బంకు, స్కూలు గోడ, ఎడమ పక్క సందు. మన వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నాను. మూడో మలుపు దగ్గర కలం ఆగిపోయింది.

"అమ్మా, మేం రావడం లేదు. నువ్వు వెనక్కి వెళ్లిపో."

"అయ్యో! దారిలో ఏమన్నా అయిందా?"

"మేం బయల్దేరనే లేదు."

"ఇప్పుడు మానుకున్నారా?"

"సోమవారమే."

అంతలో ఆవిడ వెనక ఎవరో "షట్టరు దించండి, షట్టరు దించండి" అని అరిచారు. ఫోన్ తెగిపోయింది.

రద్దు మీట నొక్కాను. ఖాయమేనా అని అడిగితే మళ్లీ నొక్కాను. ఆ తరవాత ఆ నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మీ అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. టీవీలో ప్రతి ఆడమనిషి ముఖంలోకీ చూశాను. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు.

పొద్దువాలాక ఆవిడే చేసింది. ఒక మందుల షాపులో కూర్చోబెట్టారట. మోచెయ్యి గీరుకుందట. ఇల్లు చేరింది.

"మా ఆయన వెళ్లొద్దని రాత్రంతా ఒకటే పోరండీ. చిన్నపిల్లలతో వస్తున్నారు, ఎండలో గుమ్మం ముందు నిలబెడతామా అని నేనే పోట్లాడి వచ్చాను. ఇప్పుడాయన మొహం ఎలా చూడను, చెప్పండి?"

"తప్పు నాదమ్మా" అన్నాను.

"అదే మాట ఆయనకు చెప్పండి" అని ఫోన్ ఆయన చేతికిచ్చింది. చెప్పాను. ఆయన విని ఫోన్ పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

నీ సగం నేను తేలేకపోయాను. గది అద్దె నా పింఛనులోంచి పంపుతున్నాను. ఈసారికి మూతి తిప్పకుండా తీసుకో.

ఇంకొకటి. ఆ ఇంటాయన మన డబ్బు తినేశాడని మీ అమ్మ ఇప్పటికే పిన్నికి ఫోన్ చేసి చెబుతోంది. నీతోనూ అంటుంది. నువ్వు ఊ కొట్టకు. ఇల్లు సిద్ధంగా ఉందన్నాడు, ఉంది. మనిషిని పంపిస్తానన్నాడు, పంపాడు. ఆయన నాతో ఒక్క అబద్ధమూ ఆడలేదు.

— అమ్మమ్మ