రెండువందల పొద్దులు

ప్రియమైన చెల్లికి,

మేమిద్దరం క్షేమంగా చేరాం. ఆస్పత్రి వెనక సందులో టైర్ల కొట్టు పైన గది దొరికింది. మంచం వేశాక తలుపు సగమే తెరుచుకుంటోంది. మీ బావగారు కిటికీ దగ్గర కూర్చుని కింద టైర్లు విప్పేవాళ్ళకు పైనుంచి సలహాలు చెబుతున్నారు. పద్దెనిమిది మెట్లు ఎక్కడానికి రెండుసార్లు కూలబడ్డారు. ఆ సంగతి నీకు రాయొద్దన్నారు కాబట్టి రాస్తున్నాను.

గుండెలో వాల్వు మార్చక తప్పదట. మందులతో రెండు మూడు నెలలు నెట్టుకురావచ్చు, కానీ వారం వారం చూపించుకుంటూ ఇక్కడే ఉండాలి, ఆపైన ఆలస్యం చేస్తే తన పూచీ లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఖర్చెంతో విని మీ బావగారికి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఈ వారమంతా ఆరోగ్య బీమా కోసం ఎక్కని మెట్లు లేవు. ఒకచోట చల్లటి గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మీ బావగారి వయసు చెప్పగానే ఫైలు మూసేశారు. ఇంకోచోట జీతం చీటీ తెమ్మన్నారు. "మాకు జీతమిచ్చేది ఆవేనండీ, దానికి సంతకం రాదు" అన్నాను. మూడోచోట సరేనన్నారు గానీ, ఏడాదికి కట్టాల్సింది మన పంట మొత్తం కంటే ఎక్కువ. అంతా కట్టినా గుండె జబ్బుకు మూడేళ్ళదాకా పైసా ఇవ్వరట. "అయితే మూడేళ్ళు కొట్టుకోవద్దని దీనికి చెప్పండి" అని మీ బావగారు గుండె మీద చెయ్యి వేసి చూపించారు. బల్ల అవతల కూర్చున్నావిడ తల దించుకుంది.

ఇక మనకు దిక్కు పాల సంఘం వాళ్ళ ఆరోగ్య కార్డే. చేరమని నువ్వు ఆరేళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరావు, మేం వింటేనా! మా పాల పుస్తకం కొత్తది కాబట్టి వరుసగా రెండువందల పొద్దులు పాలు పోస్తేనే కార్డు ఇస్తారు. ఒక్క పొద్దు తప్పినా మళ్ళీ ఒకటి నుంచే. నీలాంటి పాతవాళ్ళయితే నెలరోజులు పోయకపోయినా కార్డు బతికే ఉంటుంది. మాది ఇవాళ్టికి నూట ముప్పై ఒకటి. వ్యాను వచ్చేది పొద్దున ఒక్కసారే, రెండు లీటర్లకు తగ్గితే ఆ రోజు లెక్కలోకి రాదు. ఇవన్నీ నీకు తెలిసినవే, నా కంగారు కొద్దీ రాస్తున్నాను.

మచ్చలావును నీకప్పగించి వచ్చాను. కాలువ పక్క పొలం చెక్క కోసం పదకొండేళ్ళు నీతో సరిగ్గా మాట్లాడని దాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా అడుగుతున్నాను. పాలు పోసినప్పుడిచ్చే చీటీ ఏ రోజుది ఆ రోజు దాచి వ్యాను డ్రైవరు చేత పంపు. ఇక్కడి కార్డుల కౌంటరులో చూపించాలట.

తోటికోడలినని ఇవాళ రాయబుద్ధి కావడం లేదు,
నీ అక్క


అక్కకు,

ఫోన్ చేయలేదేమని అలగకు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, పని మాత్రం జరగదు. చీటీలు ఎలాగూ కవర్లో పెట్టాలి, పక్కన నాలుగు ముక్కలు రాస్తే పోయేదేముంది.

నూట ముప్పై ఎనిమిది అయింది. నీ మచ్చలదానికి నా చెయ్యి నచ్చలేదు. రెండు రోజులు బకెట్టు తన్నింది. మూడో రోజు నాలుగు తిట్లు తిట్టాక దారికొచ్చింది. అచ్చం నీ బుద్ధే. ఏమనుకోకు గానీ, అవి పాలా, గిన్నె కడిగిన నీళ్ళా? చీటీలో వెన్న శాతం రోజూ మూడు పాయింట్ నాలుగు. నా ఎర్రావు రెండు పూటలవీ కలిపి రెండున్నర లీటర్లే ఇస్తుంది గానీ, నాలుగు పాయింట్ ఎనిమిదికి తగ్గదు. పాల కేంద్రంలో గుమాస్తా నా చీటీ కొడుతూ "ఇవమ్మా పాలంటే" అన్నాడు. నువ్వు కుళ్ళుకోవాలనే రాశాను.

చెక్క మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నా, అది నాదే. బావగారు లేచి తిరగనీ, మళ్ళీ మొదలుపెడదాం.

ఆరేళ్ళ కిందట మీ మరిది ఇదే ఆయాసంతో అరుగు మీద కూర్చుని "రెండు రోజుల్లో తగ్గిపోతుందిలే" అన్నాడు. పుస్తకం లేదు, కార్డు లేదు, పట్నం తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు. ఆయన పోయిన నెలకే నేను సంఘంలో చేరాను. ఎవరికోసం చేరానో నాకే తెలియదు. ఆ ఇంట్లో ఇంకొకర్ని అలా చూడలేను అక్కా. ఒక్క రోజు తప్పనివ్వను. నువ్వు బావగారికి ఉప్పు తగ్గించు, అంతే చాలు.

నోరు ఊరుకోని,
నీ చెల్లి


అక్కకు,

ఈసారి ఆలస్యమైంది, చిందులు తొక్కకు. ఎండలు మాడ్చేస్తున్నాయి. బావి అడుగు కనిపిస్తోంది. ఊళ్ళో ఎవరి పాలు వాళ్ళ పుస్తకానికే చాలడం లేదు. మూడువారాల చీటీలు కలిపి పంపుతున్నాను. నూట అరవై ఒకటి. ఒక్కటీ తప్పలేదు, లెక్కపెట్టుకో.

మచ్చలది బాగానే ఉంది. మేస్తోంది, పడుకుంటోంది. దాని గురించి ఏం రాయను, దానికేమన్నా కథలుంటాయా?

నాకే ఎడమ చెయ్యి లేవడం లేదు. చంకలోంచి మోచేతిదాకా లాగుతోంది, పితికేటప్పుడు కళ్ళనీళ్ళొస్తున్నాయి. చంక కింద చిన్న గడ్డలాంటిది తగులుతోంది. నరం పట్టేసిందేమో. ఊరి నర్సమ్మ మాత్రం పట్నం వెళ్ళి చూపించుకోమని ఒకటే గోల. వెళితే రెండు రోజులు పోతాయి. ఏమంటావు? ఆస్పత్రి మనుషుల మధ్య ఉన్నావు, నీకు తెలుస్తుందని అడుగుతున్నాను.

నీ చెల్లి


ప్రియమైన చెల్లికి,

చీటీలు అందాయి. ఒక్కొక్కటే చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

నీ చేతికి ఏమీ కాదు. అంత పని చేస్తే ఎవరికైనా పట్టేస్తుంది. వేడినీళ్ళ కాపడం పెట్టు, బరువులెత్తకు. ఇప్పుడు ఆస్పత్రుల చుట్టూ తిరగకు. లేనిపోని రోగాలు అంటగడతారు, రోజూ చూస్తున్నాగా. రెండువందలు నిండనీ, నేనే దగ్గరుండి చూపిస్తాను.

మీ బావగారికి పడుకుంటే ఊపిరాడటం లేదు. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నారు. పాదాలు వాచాయి, చెప్పులు పట్టడం లేదు. టైర్లవాళ్ళకు సలహాలు కూడా మానేశారు. డాక్టరు కనిపించినప్పుడల్లా "కార్డు వచ్చిందా?" అంటున్నాడు. ఇంకా ముప్పై తొమ్మిది పొద్దులు. నాకు వేరే ధ్యాస లేదు.

మచ్చలావును అడిగానని చెప్పు.

నీ అక్క


అక్కకు,

రెండువందలు!

గుమాస్తా పుస్తకం మీద ముద్ర కొట్టి, కార్డు నా చేతిలో పెట్టి, తర్వాతి కేను అందుకున్నాడు. నాలో నేనే వాగుతూ ఇంటిదాకా వచ్చాను, దారిలో వినడానికి ఎవరూ లేకపోయినా. కార్డు ఈ కవర్లోనే ఉంది, చింపేటప్పుడు చూసుకో. వ్యాను డ్రైవరు చొక్కా లోపలి జేబులో పెట్టించాను.

కాపడం పెడుతూనే ఉన్నాను. తగ్గినట్టే ఉంది. బావగారికి భయపడొద్దని చెప్పు.

నీ చెల్లి


ప్రియమైన చెల్లికి,

అయిపోయింది. ఆరు గంటలు లోపలే ఉంచారు. బయటికి తెచ్చాక కళ్ళు తెరిచి నన్ను చూసి "ఇవాళ పాలు పోశారా?" అని అడిగారు. నర్సులు నవ్వారు. కౌంటరులో కార్డు చూసి, ఇంకేమీ అడక్కుండా ముద్ర వేశారు. మూడు వారాల్లో ఇంటికి పంపిస్తామన్నారు. గదికి నెలాఖరుదాకా అద్దె కట్టి ఉంది గానీ, మీ బావగారు ఒక్క రోజు కూడా ఎక్కువ ఉండనంటున్నారు.

నీ గురించి ఏం రాయాలో తెలియడం లేదు. వచ్చాక మాట్లాడతాను.

నీ అక్క


అక్కకు,

ఎల్లుండి మీరు ఇంటికొస్తున్నారట. ఖాళీ పాక చూసి నువ్వు అక్కడే గుండెలు బాదుకుంటే బావగారి కుట్లు ఊడతాయి. అందుకే ముందే చెబుతున్నాను. మచ్చలది లేదు. నూట యాభయ్యో రోజు సాయంత్రం పొదుగు వాచి రాయిలా గట్టిపడింది, పాలల్లో నెత్తురు పడింది. పశువుల డాక్టరు వచ్చేసరికే కూలబడింది. మూడో రోజు పోయింది. నీ ఆవును బతికించలేకపోయాను, తిట్టుకో.

నెత్తురు పడిన మర్నాడు పొద్దున ఎర్రదాని పాలు కేన్లో పోసుకుని కేంద్రానికి నడిచాను. రెండున్నర లీటర్లు రెండు పుస్తకాలకు రావు కదా. గుమాస్తా "ఎవరి పేరమ్మా?" అన్నాడు. బావగారి పేరు చెప్పాను. నా మొహం ఒకసారి చూసి, తల దించుకుని చీటీ కొట్టాడు. ఆ రోజు నుంచి రెండువందలదాకా అంతే. నెల దాటగానే నా కార్డు చచ్చిపోయింది. తెలిసే చేశాను. నాకేం రోగం వస్తుందిలే అనుకున్నాను.

ఆ గడ్డ నరం కాదట. నర్సమ్మ తిట్టి లాక్కెళ్ళి పరీక్ష చేయించింది. రొమ్ములో మొదలై చంకలోకి పాకిందట. ఆపరేషన్ మూడు నెలలు దాటనివ్వొద్దన్నారు. కార్డు అడిగితే ఇచ్చాను. కంప్యూటర్లో చూసి వెనక్కిచ్చేశారు. మళ్ళీ ఒకటి నుంచి పోయాలట.

మిగతా పరీక్షలకు పట్నంలోనే ఉండాలి. నీ టైర్ల కొట్టు గదిలో దిగుతాను, తాళంచెవి కింద కొట్టులో ఇచ్చి రా. ఎర్రదాన్ని పక్కింట్లో కట్టేసి వెళుతున్నాను.

ఏడవకు. నీకు తెలియదు కదా, నీ తప్పేముంది.

నీ చెల్లి


ప్రియమైన చెల్లికి,

"నీకు తెలియదు కదా" అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. నాకు తెలుసు.

నువ్వు పంపిన మూడువారాల చీటీలు ఆ గదిలో మంచం మీద వరసగా పేర్చాను. నూట యాభైదాకా వెన్న మూడు పాయింట్ నాలుగు. నూట యాభై ఒకటి నుంచి నాలుగు పాయింట్ ఎనిమిది. నా చేత్తో పితికిన ఆవు, ఎంత దాణా పెట్టినా నాలుగు చూడలేదు. అది లేదని అప్పుడే అర్థమైంది. నీ పుస్తకంలో పోయడం మానేశావనీ అర్థమైంది. నీ కార్డు చావడానికి ఇంకా పందొమ్మిది రోజులుంది.

ఆ కవర్లోనే నీ చేతి గురించి రాశావు. గడ్డ ఉందని రాశావు. ఏమంటావు అని నన్ను అడిగావు. కార్డు బతికుండగానే పరుగెత్తుకు రావే అని ఒక్క ముక్క రాయాల్సింది. కలం పట్టుకున్నాను కూడా. రెండు రోజులు నువ్వు లేకపోతే ఎర్రదాన్ని ఎవరు పితుకుతారు, ఎవరు పోస్తారు, మళ్ళీ ఒకటి నుంచే కదా అని భయం పట్టుకుంది. పక్కనే ఆయన గోడకు ఆనుకుని ఊపిరికోసం అవస్థ పడుతున్నారు. కాపడం పెట్టుకోమని రాశాను. మచ్చలావును అడిగానని చెప్పమని కూడా రాశాను. అంత నాటకం నాకొచ్చని నాకే తెలియదు.

మీ బావగారికి మొన్న చెప్పాను. "నన్ను అడగాల్సింది" అన్నారు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నారు. ఇద్దరం సంఘం ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళి, చీటీలన్నీ బల్ల మీద పరిచాం. ఈ యాభై రోజుల పాలూ మా చెల్లి ఆవువి, ఆమె పుస్తకంలో రాయండి, మా ఆపరేషన్ డబ్బు వెనక్కి కట్టమంటే ఎలాగోలా కడతాం అన్నాను. ఆయన అంకెలన్నీ ఓపిగ్గా చూశాడు. "పాల మీద పేరుండదమ్మా, చీటీ మీద ఉంటుంది. ఇది పైవాళ్ళకు తెలిస్తే మీ ఇద్దరి పేర్లూ శాశ్వతంగా కొట్టేస్తారు. ఆమెకు మళ్ళీ మొదలుపెట్టే దారి కూడా ఉండదు. మీరు రాలేదు, నేను వినలేదు" అన్నాడు. చీటీలు సర్ది నా చేతిలో పెట్టి, మీ బావగారిని గేటుదాకా పట్టుకుని నడిపించాడు. మంచివాడే.

కాలువ పక్క చెక్క అమ్మకానికి పెట్టాం. అది నీదే. పదకొండేళ్ళుగా అదీ నాకు తెలుసు. కాగితం పంపుతున్నాను, సంతకం పెట్టు. వచ్చేదంతా నీ ఆపరేషన్‌కే. కొనేవాళ్ళు ఇంకా రాలేదు. వానలు పడితే వస్తారంటున్నారు. ఆకాశం చూస్తే ఇప్పట్లో పడేలా లేదు.

ఈ పొద్దున ఎర్రదాన్ని నేను పితికాను. నా చెయ్యి ఒప్పుకోక రెండుసార్లు తన్నింది. తిట్టలేదు. మీ బావగారు కేన్ పట్టుకుంటానంటే ఇవ్వలేదు, అయినా పక్కన నడిచారు. గుమాస్తా ఎవరి పేరని అడిగాడు, నీ పేరు చెప్పాను. మూడు నెలలకూ రెండువందల పొద్దులకూ ఎంత తేడానో నాకు తెలియక కాదు. అయినా రోజూ పోస్తాను. ఇంకేం చేయాలో నాకు తోచడం లేదు.

చీటీ ఇందులో పెట్టాను. రెండున్నర లీటర్లు, వెన్న నాలుగు పాయింట్ ఎనిమిది, ఒకటో రోజు.

నువ్వు ఇంకా అలా పిలుస్తానంటే,
నీ అక్క