స్టీఫెన్ పట్టుకెళ్ళిన తూటాల డబ్బా

ప్రకాష్,

రేపట్నుంచి జింకల వేట సీజన్, నువ్వు పోయాక ఇదే మొదటిది. సాయంత్రం మన తెలుగు చర్చి స్టీఫెన్, ఆఫీస్ నుంచి సరాసరి మనింటికొచ్చాడు. నువ్వు అతనికిచ్చిన పాత రైఫిల్‌కి సరిపడే తూటాలు షాపుల్లో దొరకవు కదా, గరాజ్‌లో నువ్వు గన్‌పౌడర్ నింపి చేసిపెట్టిన ఆఖరి డబ్బా కావాలన్నాడు.

"నువ్వూ చేస్తావుగా" అన్నాను.

"చేస్తా వదినా. కానీ అన్న చేసినవే కావాలి. వేరేవాళ్ళు లోడ్ చేసినవి ఎవరూ ఫైర్ చేయరు. పౌడర్ కొంచెం ఎక్కువైతే రైఫిల్ మొహంమీదే పేలిపోతుంది. అన్నవైతే నాకు డౌటే లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి శనివారాలన్నీ అతనితోనే గరాజ్‌లో గడిపావు. పౌడర్ తూచేటప్పుడు మాటలు వద్దని నన్ను గుమ్మం దగ్గరే ఆపేసేవాడివి. అప్పుడు కూడా నాకింత కుళ్ళు పుట్టలేదు.

డబ్బా తెచ్చిచ్చాను. మూత మీద నీ చేతిరాత: "రెండుసార్లు తూచాను." అతను అది చదవనైనా లేదు. మూత తీసి చూడకుండా, డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

స్టవ్ కట్టేశానని నువ్వు చెప్పిన ప్రతిసారీ, పంతొమ్మిదేళ్ళూ, నేను లేచి వెళ్ళి చూసొచ్చేదాన్ని.